బాబాయి చదివిపెట్టిన ఉత్తరం

మొన్న గురువారం మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా అమెరికాలోనే నోవై అనే ఊరి నుంచి పిన్ని ఫోన్ చేసింది. "బాబాయి పోయారే. టిఫిన్ చేసి కూర్చున్న మనిషి కూర్చున్నట్టే..." అని ఆగిపోయింది.

మీలో చాలామందికి ఆయన తెలియదు. కార్ల కంపెనీలో ఇంజినీరు. అమెరికా రాకముందు జర్మనీలో నాలుగేళ్ళు పనిచేశారు. రోడ్డు ఖాళీగా ఉన్నా యాభై అయిదు మైళ్ళ స్పీడు దాటేవారు కాదు. వెనక హారన్ కొడితే, "అర్జెంటైతే వాళ్ళే ఓవర్‌టేక్ చేస్తార్లే" అనేవారు.

పదేళ్ళ కిందట, డెబ్బై తొమ్మిదిలో ఎమ్మెస్‌కి వచ్చి నేను వాళ్ళింట్లోనే ఉన్నాను. పక్కింట్లో పోలండ్ ఆవిడ ఒక్కతే ఉండేది. యుద్ధకాలంలో, పదిహేనేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు, జర్మన్లు ఆమెను పట్టుకుపోయి నాలుగేళ్ళు ఒక పొలంలో వెట్టిచాకిరి చేయించారు. పరిహారం కోరుతూ ఆవిడ పెట్టుకున్న అర్జీకి జర్మన్‌లో జవాబొచ్చింది. ఆ భాష వింటేనే ఆవిడకు ఒళ్ళు మండేది. అయినా కవరు తెచ్చి బాబాయి చేతిలో పెట్టింది.

ఆయన ఒక్కో వాక్యం మీద వేలు పెట్టి ఇంగ్లీషులో చెప్పారు. యుద్ధ పరిహారం ప్రభుత్వాల మధ్య ఎప్పుడో తేలిపోయిందట, విడిగా మనుషులకు ఇచ్చేదేమీ లేదట.

"అంటే నేనసలు అక్కడ లేనట్టేనా?" అని అడిగి ఆవిడ వెళ్ళిపోయింది.

"కొంచెం మెత్తగా చెప్పాల్సింది బాబాయ్," అన్నాను.

"ఉత్తరం ఆవిడదమ్మా. ఒక్క ముక్క మార్చే రైట్ కూడా నాకు లేదు."

ఆవిడ ప్రశ్నను మాత్రం ఆయన వదల్లేదు. ఆ పొలం ఉన్న ఊరి ఆఫీసుకు జర్మన్‌లో ఉత్తరం టైప్ చేసి పంపారు. అడిగింది ఒక్కటే: మీ రికార్డుల్లో ఈమె పేరుందా? జవాబు లేదు. మళ్ళీ రాశారు. ఆర్నెల్లాగి మళ్ళీ.

"దేశాలు దేశాలు రాజీపడ్డాయి కదా, ఇంకా ఎందుకండీ?" అని పిన్ని ఒకసారి విసుక్కుంది.

"దేశాలు రాజీపడతాయి. మర్చిపోవాలో లేదో ఆవిడిష్టం," అన్నారు.

మూడో ఏట ఆ ఆఫీసు నుంచి, అప్పట్లో పనివాళ్ళ వివరాలు రాసుకున్న పాత కార్డు కాపీ ఒకటి వచ్చింది. అందులో ఆవిడ పేరు, రైతు పేరు, పనిలో చేరిన తేదీ, వదిలిన తేదీ ఉన్నాయి. ఆవిడ ఏడవలేదు. కుర్చీలో నిటారుగా కూర్చుని, "చదవండి," అంది. చదివారు. "ఇంకోసారి," అంది. నాకు తెలిసి ఆయన ఏ పనికీ అంత గర్వపడలేదు. పరిహారం ఇప్పటికీ రాలేదు. కానీ ఆ తర్వాత ఆవిడ అక్కడ లేదని అనగలిగినవాళ్ళు లేరు. ఆయన మా బాబాయి అని చెప్పుకునేటప్పుడు ఇప్పటికీ నా గొంతు కాస్త పెద్దదవుతుంది.

అంత్యక్రియల రోజు తెల్లారేసరికి మోకాలి లోతు మంచు పడింది. పిన్ని ఇంటి తలుపు తీస్తే, అరవై దాటిన పక్కింటావిడ పార పట్టుకుని గరాజ్ ముందు మంచు ఎత్తిపోస్తోంది. "ఇలా ఇవ్వండి ఆంటీ," అన్నాను. తల అడ్డంగా ఊపింది. తలుపు దగ్గర నుంచి రోడ్డు దాకా దారి నల్లగా తేలేవరకూ ఆగలేదు.