కొలతలు పోను మిగిలిన ఉత్తరాలు

మా వృక్షశాస్త్రం మేడం పోయారని పోయిన గురువారం పొద్దున ఆమె మేనకోడలు ఫోన్ చేసి చెప్పింది. తొంభై దాటిన మనిషి. నిద్రలోనే పోయారట. మెట్టుగూడలో ప్రార్థన అయ్యాక భూస్థాపన చేశారు. వచ్చినవాళ్ళలో ఆమె దగ్గర చదువుకున్నదాన్ని నేనొక్కదాన్నే. అందుకే ఈ నాలుగు మాటలు నేను రాయాల్సి వచ్చింది.

1967లో నేను ఎమ్మెస్సీలో చేరాను. మాది వ్యవసాయ కుటుంబం. లాలాపేట్‌లో మా చిన్నాయన ఇంట్లో ఉండి క్యాంపస్‌కి నడిచి వెళ్ళేదాన్ని. మేడం గుంటూరు వైపు నుంచి ఉద్యోగానికి వచ్చి తార్నాకలో రెండు గదుల ఇంట్లో ఒక్కరే ఉండేవారు. ఇంగ్లండులో ఆమెతో ఒకే ల్యాబులో పరిశోధన చేసిన స్నేహితురాలు తూర్పు నైజీరియాలో లెక్చరర్. ఇద్దరికీ పట్టుకున్న ప్రశ్న ఒకటే, పెండలం దుంప నిల్వలో ఎందుకు కుళ్ళుతుందని. మనకు అన్నం ఎలాగో అక్కడివాళ్ళకు ఆ దుంప అలాగ. ఆ స్నేహితురాలు మేడంకి నెలకు రెండు ఉత్తరాలు రాసేది. సగం కొలతలు, సగం ఇంటి కబుర్లు. మేడం గేటు దగ్గరే నిలబడి చదివేసి, అందిన తేదీని పెన్సిలుతో మూలన వేసేవారు. "కొలిచింది రాయండి, అనుకున్నది రాయకండి" అని క్లాసులో మమ్మల్ని సతాయించే మనిషి, ఆ కబుర్లను మాత్రం టిఫిన్ డబ్బా ముందు పెట్టుకుని నవ్వుతూ చెప్పేవారు.

ఆ ఏడాదే అక్కడ అంతర్యుద్ధం మొదలైంది. ఉత్తరాలు ఆగిపోయాయి. మేడం రాసినవి వెనక్కి రావడం మొదలైంది.

"గిది గూడ వాపస్ వచ్చిందమ్మా. ఆడికి టపా బంద్ అంట. ఊకె స్టాంపులెందుకు ఖరాబ్ చేస్తరు?" అన్నాడు పోస్ట్‌మాన్ ఒకరోజు నా ముందే.

"నీ పని నువ్వు చేశావు కదా బాబూ, నా పని నన్ను చేసుకోనీ" అన్నారు మేడం. మళ్ళీ నెల మొదట్లో ఇంకొకటి రాశారు.

ఏడాది గడిచింది. పేపర్లలో ఆకలికి ఎముకలు తేలిన పిల్లల ఫొటోలు వచ్చేవి. మేడం చూసి, పేపరు మడిచి, క్లాసుకు వెళ్ళేవారు.

అంతలో డిపార్ట్‌మెంటులో రీడర్ పోస్టు ఒకటి పడింది. లెక్చరర్‌గా ఏళ్ళ తరబడి ఉన్నవాళ్ళకు అది పెద్ద మెట్టు. నేను స్లైడ్లు సర్దుతుండగా మా హెడ్ వచ్చి ఆమెతో అన్నారు:

"ఆ నైజీరియా కొలతలన్నీ మీ దగ్గరే ఉన్నాయి కదా. మీ పేరుతో జర్నల్లో పేపర్ వేసెయ్యండి. ఇంటర్వ్యూకి అదొక్కటి చాలు. పాపం, ఆవిడ ఉందో లేదో కూడా తెలియదు."

"తెలియదు కాబట్టే వెయ్యలేనండీ."

ఆయన వెళ్ళాక నేను ఉండబట్టలేకపోయాను. "ఇద్దరి పేర్లు పెట్టుండ్రి మేడం. ఎవలేమంటరు? చేతుల దాంక వచ్చిన పోస్టు పోతది."

"అప్పుడు ఆమె చనిపోయిందని రాయాలి అమ్మాయ్, లేదా ఒప్పుకుందని రాయాలి. రెండిట్లో నాకు తెలిసిందేది?"

పోస్టు ఆమెకన్నా ఆరేళ్ళు చిన్నవాడికి వచ్చింది. ఆయనకు మేడం తన చేత్తో టీ కలిపి ఇచ్చారు. నాకప్పుడు అది నచ్చలేదు. ఇప్పటికీ పూర్తిగా నచ్చదు.

1969లో ప్రత్యేక తెలంగాణ ఉద్యమం వల్ల క్లాసులు మూతపడ్డాయి. మేడం నన్ను ఇంటికి రమ్మని, ఆ ఉత్తరాల్లోంచి కొలతలు మాత్రం ఏరి పట్టికలుగా రాయించారు. దుంప బరువు, గాలిలో తేమ, కుళ్ళు కనిపించిన రోజు. "ఇన్ని లొల్లులు నడుస్తుంటే ఆంధ్రోళ్ళింటికి పోవుడేంది?" అని చిన్నాయన కసిరేవాడు. అయినా వెళ్ళేదాన్ని. ఎవరి కోసం రాస్తున్నామో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

యుద్ధం ముగిసిన కొన్ని వారాలకు ఉత్తరం వచ్చింది. స్నేహితురాలు బతికే ఉంది. తల్లీ తమ్ముడూ లేరు. ల్యాబు కాలిపోయింది. "నా నోటు పుస్తకాల్లో ఒక్క కాగితం మిగల్లేదు. ఇంతమంది పోయాక కాగితాల కోసం ఏడవడం సిగ్గుగా ఉంది" అని రాసింది. మేడం ఆ వాక్యాన్ని నాకు చదివి వినిపించి, పట్టికల కట్టకు దారం చుట్టి, రిజిస్టర్ పోస్టులో పంపించారు.

జవాబు రావడానికి రెండు నెలలు పట్టింది. పేపర్ రాస్తున్నానని, ఇద్దరి పేర్లూ ఉంటాయని, మేడం కాదంటే తానూ వెయ్యనని రాసింది. కింద ఇంకో కోరిక ఉంది. "కొలతలు కాక నేను ఇంకా ఏవేవో రాసి ఉంటాను కదా. మా ఇంటి గురించి, అమ్మ గురించి. అవి కూడా కావాలి."

ఈసారి మేడం ఆ ఉత్తరాలను నన్ను ముట్టుకోనివ్వలేదు. అసలు ఉత్తరాలు పంపితే దారిలో పోతాయేమోనని తానే నకలు తీశారు. అప్పటికి నేను ఆమె దగ్గరే పరిశోధనలో చేరాను. పదిహేను రోజులు, పొద్దుటిపూట, వరండాలో ఆమె అటు కూర్చుని రాస్తుంటే నేను ఇటు కూర్చుని ఆకుల బొమ్మలు గీసుకునేదాన్ని. ఒకరోజు ఆమె ఉన్నట్టుండి పైకే నవ్వారు. తర్వాత కళ్ళజోడు తీసి చీర చెంగుతో చాలాసేపు తుడిచారు.

"ఏమైంది మేడం?"

"వాళ్ళమ్మ తిడుతోంది అమ్మాయ్, దుంపలు కొలిచింది చాలు, వచ్చి తినమని" అని, మళ్ళీ కలం అందుకున్నారు.