తొమ్మిది మార్కుల కెటిల్

వంటింటి సామాన్లు తయారుచేసే ఆ కంపెనీ ఆఫీసులో అతన్ని అందరూ మొహాల మాస్టారు అంటారు. మనుషుల మనసు తెలుసుకుందామని పెద్ద చదువులు చదివాడు. ఇప్పుడు మిక్సీని చూస్తే వాళ్ళ మూతి ఎంత విప్పారుతుందో తెలుసుకుంటున్నాడు. వచ్చినవాళ్ళను కుర్చీలో కూర్చోబెట్టి, వేలికి క్లిప్పు తగిలించి, చేతికి వస్తువిస్తాడు. వేలి చెమటను క్లిప్పు, పెదవుల కొసలను కెమెరా కనిపెడతాయి. వాళ్ళ ఆనందానికి కంప్యూటరు పదికి ఇన్నని మార్కులు వేస్తుంది. కన్నతల్లి కూడా అంత కచ్చితంగా చెప్పలేదు పాపం.

ఆ నెలాఖరుకి అతని కాంట్రాక్టు అయిపోతుంది. పొడిగించాలంటే మేనేజరు సంతకం కావాలి. పరీక్షకు వచ్చిందేమో సాక్షాత్తూ మేనేజరు బావమరిది డిజైను గీసిన కెటిల్. మొదటిసారి దానికి మూడు మార్కులే వచ్చాయి. బావమరిది అలిగి, దాని మూతిని ఓ అంగుళం సాగదీసి మళ్ళీ పంపాడు. ఈసారి తొమ్మిది! వేడినీళ్ళ కెటిల్‌ని జనం పసిబిడ్డలా పొదువుకుని కళ్ళు మూసుకున్నారు. మేనేజరు కేకు తెప్పించాడు.

మాస్టారు మాత్రం ఆ కేకు పక్కన పెట్టాడు. మొదటి పరీక్షప్పుడు గదిలో ఏసీ పాడై ఉంది. ఇప్పుడు బాగు చేశారు గానీ, పదహారు డిగ్రీల దగ్గర బిగుసుకుపోయింది. వణికే చేతులకు వెచ్చటిది ఏది దొరికినా మొహం విప్పారుతుంది. ధైర్యం కూడగట్టుకుని మేనేజరు దగ్గరికి వెళ్ళాడు.

“సార్, వాళ్ళకి నచ్చింది కెటిల్ కాదండీ, అందులో వేడి. గది చల్లగా ఉంది కదా.”

“ప్రేమకి కారణాలు అడక్కూడదయ్యా.”

“ఏసీ ఆపి ఒక్కసారి చూద్దాం సార్.”

“చూద్దాం. నీ కాంట్రాక్టు సంగతి కూడా అప్పుడే చూద్దామా మరి?”

మేనేజరు మొహం చదవడానికి క్లిప్పు అవసరం పడలేదు. మాస్టారు రిపోర్టులో ఏసీ ఊసెత్తలేదు. ‘జనానికి పొడుగు మూతితో గాఢమైన అనుబంధం ఏర్పడింది’ అని రాసి, సిగ్గేసి, ‘గాఢమైన’ కొట్టేశాడు. నిజాయితీ అక్కడికి నిలబడిందనుకున్నాడు.

సంతకం పడింది. కానుకగా ఒక కెటిల్ కూడా ఇచ్చారు. ఇంటికి తెచ్చి భార్య చేతిలో పెట్టి, అలవాటు కొద్దీ ఆమె పెదవుల కొసలు చూశాడు. అవి కిందికి జారాయి.

“ఇదేంటండీ, దీని మూతి ఇలా ఏడ్చింది! ఎవరికి నచ్చిందట?”

“నలభై మందికి. తొమ్మిది మార్కులు వచ్చాయి.”

“వాళ్ళకి బుద్ధి లేకపోతే మీరన్నా చెప్పొద్దూ?”

ముంజేత్తో నుదుటి చెమట తుడుచుకుంటూ ఆమె దాన్ని అటక మీదికి తోసేసింది. వాళ్ళింట్లో ఏసీ లేదు.