ఆఫ్రికా వెళ్ళే తుపాకీకి నేను చేసిన పూజ

నేను తుపాకీని ముట్టుకున్నది జన్మలో ఒక్కసారి. అందులో గుండు లేదు, నేను కాల్చనూ లేదు. బొట్టు పెట్టానంతే. ఆ బొట్టు పోయి పోయి ఆఫ్రికాలో మా అల్లుడి కొంప ముంచిందంటే మీరు నవ్వుతారు. నవ్వండి. నాకు మాత్రం ఇంకా సరిగ్గా నవ్వు రావడం లేదు.

మా అల్లుడు మురళికి టెక్సాస్‌లో ఈ కాపెల్ ఊరికి వచ్చాక వేట పిచ్చి పట్టుకుంది. ఆఫీసులో డగ్ అని ఒక పెద్దాయన, తాతల నాటి నుంచీ టెక్సాస్ మనిషి, ఈయన్ని ఒకసారి అడవికి తీసుకెళ్ళాడు. అంతే. ఆ తర్వాత ఇద్దరూ కలిసి ఆఫ్రికాలో నమీబియా వెళ్ళాలని అనుకున్నారు. అక్కడ కూడూ అని ఒక పెద్ద జింక ఉంటుందట. కొమ్ములు జంతికలు చుట్టినట్టు మెలికలు తిరిగి ఉంటాయి. మురళి ఫోన్‌లో ఆ బొమ్మ చూపించని చుట్టం లేడు.

వెళ్ళడం ఖాయమైంది, సెలవు దొరికింది. ఇక ఏ తుపాకీ తీసుకెళ్ళాలి? మా అమ్మాయి సుజాతని చూడ్డానికి వచ్చినప్పుడు ఇరవై నిమిషాల్లో సరేనన్న మనిషి, తుపాకీ దగ్గర ఎనిమిది నెలలు తీసుకున్నాడు. ఈ మాట నేనంటున్నది కాదు, సుజాతే అంటుంది, ఆయన వినేట్టు.

డగ్ రెండు తుపాకులు తీసుకెళ్ళమన్నాడట, పెద్ద జంతువులకి ఒకటి, చిన్నవాటికి ఒకటి. మురళికి అది నచ్చలేదు. రెండు పెట్టెలు మోయాలి, రెండు రకాల గుళ్ళు, ప్రతి ఎయిర్‌పోర్ట్‌లోనూ రెండింటికీ కాగితాలు. ఒక రోజు భోజనాల దగ్గర ఇదే గొడవ నడుస్తుంటే నేను ఊరుకోలేక అన్నాను, "యాత్రకి వెళ్ళేటప్పుడు మేం రెండు గిన్నెలు మోసేవాళ్ళం కాదు బాబూ. అన్నానికీ పులుసుకీ పనికొచ్చే మందపాటి గిన్నె ఒక్కటి పట్టుకుపోయేవాళ్ళం."

మురళి ముద్ద పక్కన పెట్టేశాడు. "చూశావా సుజాతా, డగ్‌కి ఇన్నాళ్ళూ చెప్పినా ఎక్కనిది అత్తయ్యకి ఎక్కింది."

ఆ రోజు నుంచి నేను ఆయనకి సలహాదారుని. ఆఫీస్ నుంచి రాగానే నా పక్కన కూర్చుని చెప్పేవాడు. నేను ఆశ్చర్యపోతూ వినేదాన్ని. ఇనప గొట్టం వెనక ఇంత ఆలోచన ఉంటుందని నాకేం తెలుసు? చివరికి కొన్నదాని పేరు థర్టీ ఆట్ సిక్స్. కూడూకి సరిపడా బలం ఉంటుంది, భుజం మరీ అదరదు. దారిలో గుళ్ళ పెట్టె తప్పిపోయినా, ఆ రకం అక్కడి చిన్న షాపుల్లో కూడా దొరుకుతుందట. రెండు ముక్కలుగా విడదీస్తే హార్మోనియం పెట్టెంత దాంట్లో పట్టేస్తుంది. కర్ర పిడి వానకి ఉబ్బుతుందని నల్ల ప్లాస్టిక్ పిడి. పైన దూరం చూసే స్కోపు కూడా పొట్టిది, తేలికది.

అది తీసుకుని నాలుగు ఆదివారాలు కాల్పుల మైదానానికి వెళ్ళాడు. చూసిన చోటే గుండు తగిలేట్టు స్కోపు సరిచేసుకోవాలట. నాలుగో ఆదివారం ఒక కాగితం తెచ్చి ఫ్రిజ్ మీద మా మనవరాలి బొమ్మల మధ్య అంటించాడు. దాని మీద మూడు చిల్లులు. మూడూ కలిపి ఒక్క క్వార్టర్ బిళ్ళ, అదే ఇక్కడి పావలా, దాని కింద దాగిపోతాయి. పదో క్లాసు మార్కుల కాగితంలా చూసుకున్నాడు దాన్ని.

ఇక నా సంగతి. ప్రయాణం మూడు రోజులుందనగా దసరా వచ్చింది. మా ఇంట్లో ఆ రోజు పనిముట్లన్నీ దేవుడి ముందు పెడతాం. రెండు లాప్‌టాప్‌లు, కారు తాళాలు, సుజాత మిక్సీ. తుపాకీ కూడా పెట్టమని అడిగింది నేనే. ఆయుధ పూజ రోజున ఇంట్లో ఉన్న అసలు ఆయుధాన్ని వదిలేస్తామా? మురళి అందులోంచి ఒక ముఖ్యమైన ముక్క తీసి బీరువాలో పెట్టి తాళం వేశాడు. గుళ్ళు వేరే తాళంలో ఉన్నాయి. "ఇప్పుడిది ఉత్త గొట్టం అత్తయ్యా, భయం లేదు. స్కోపు అద్దాలకి మాత్రం పసుపు తగలనివ్వకండి," అని చెప్పి డగ్‌తో మాట్లాడ్డానికి బయటికి వెళ్ళాడు.

అద్దాల జోలికి నేను పోలేదు. ఒట్టు. స్కోపు నెత్తిన పప్పుల డబ్బా మూతలాంటిది చిన్నది ఉంటే దాని మీద పెట్టాను బొట్టు. ఆ మూత అంచు గరుకు. తడి పసుపు ఆ సందుల్లోకి దిగిపోయింది. అయ్యో, కొత్త వస్తువు, ఇలా పంపిస్తామా అని మూత తిప్పి తీశాను, బాగా తుడుద్దామని. లోపల ఇంకో చిన్న చక్రం ఉంది. పక్కన బాణం గుర్తు, రెండు ఇంగ్లీషు అక్షరాలు. అరవై రెండేళ్ళకి అక్షరాలు నేర్చుకున్నదాన్ని, ఎక్కడ కనిపించినా చదవకుండా ఉండలేను. యు, పి. అప్. పైకి అన్నమాట.

చక్రానికి అంటిన పసుపు తుడవబోతే అది కదిలింది. టిక్కుమంది. ఎంత ముద్దుగా ఉందనుకున్నారు ఆ చప్పుడు! వేలికి కూడా తెలిసింది, తులసి పూస జరిగినట్టు. నా జపమాల మేడ మీద ఉంది, మోకాళ్ళు మెట్లెక్కనంటున్నాయి. అల్లుడేమో సముద్రాలు దాటి సింహాలుండే దేశం పోతున్నాడు. ఇంకేముంది. కళ్ళు మూసుకుని నారాయణ అంటూ ఒక టిక్కు. మళ్ళీ నారాయణ, మళ్ళీ టిక్కు. ఎవరికీ ఏ హానీ జరగకుండా అందరూ క్షేమంగా ఇల్లు చేరాలి స్వామీ అని నూట ఎనిమిదీ పూర్తి చేశాను. తిప్పింది కూడా పైకే కదా, మంచిదే అనుకున్నాను. మూత బిగించి కళ్ళకద్దుకున్నాను.

మురళి వచ్చి చూసి, "అబ్బ, ఎంత శుభ్రంగా తుడిచారు అత్తయ్యా," అన్నాడు. పెట్టెలో సర్దేశాడు. నేను మురిసిపోయాను.

పది రోజుల తర్వాత తిరిగొచ్చాడు. మనిషి నల్లబడ్డాడు, సరే, ఎండ. కానీ కొమ్ముల ఊసు లేదు. ఆదివారం మధ్యాహ్నం అన్నాలు తింటూ సుజాత అడగ్గా అడగ్గా చెప్పాడు.

అక్కడికి చేరేసరికి సాయంత్రమైందట. మర్నాడు పొద్దున్నే ముందు అట్ట పెట్టి కాల్చి, తుపాకీ సరిగా ఉందో లేదో చూసుకుని తర్వాత వేటకి వెళ్ళాలి. అది అక్కడ పద్ధతి. ఆ అట్ట దగ్గరికి వెళుతుంటేనే దారి పక్కన కూడూ నిలబడి ఉంది. ఫోన్‌లో బొమ్మ కంటే పెద్దది. దారి చూపించే వేటగాడు కాల్చమని సైగ చేశాడు. మురళి గురి చూసి కాల్చాడు. దాని వీపు పైనుంచి పోయి వెనక గుట్ట మీద దుమ్ము లేచింది. ఆ జింక ఆశ్చర్యంగా ఇటు చూసిందట. మళ్ళీ కాల్చాడు, మళ్ళీ దుమ్మే. ఈసారి అది మెల్లగా పొదల్లోకి వెళ్ళిపోయింది, పరుగు కూడా తీయలేదు. మొదటిసారి వచ్చినవాళ్ళకి చేతులు వణకడం మామూలేనని ఆ వేటగాడు భుజం తట్టాడట.

తర్వాత పెద్ద అట్ట పెట్టి కాలిస్తే, గుళ్ళన్నీ ఒక్కచోటే పడ్డాయి, గురికి రెండడుగులపైన ఎత్తులో. చేతులు బాగానే ఉన్నాయి, స్కోపే మారిపోయింది. సరిచేసుకుని ఆరు రోజులు తిరిగాడు. ఆ కూడూ మళ్ళీ కనిపించలేదు. ఆ కొమ్ములు చూశాక మిగతా జింకలేవీ ఆయన కంటికి ఆనలేదు.

"ఎయిర్‌పోర్ట్‌లో సామాన్లు దించేవాళ్ళ పనే ఇది," అన్నాడు. "మూడు పేజీల కంప్లయింట్ రాశాను. రేపు పంపిస్తున్నా. ఎవడో ఒకడి ఉద్యోగం పోవాల్సిందే. ఎంత తేడా వచ్చిందో లెక్కతో సహా రాశాను. పాత చోటికి రావడానికి ఎన్ని టిక్కులు వెనక్కి తిప్పానో తెలుసా? నూట ఎనిమిది."

సాంబారు వడ్డిస్తున్న సుజాత గరిటె గాల్లో ఆగిపోయింది. మెల్లగా నా వైపు తిరిగింది. ఏ దేశంలో సామాన్ల మనిషి నూట ఎనిమిది లెక్కపెట్టి మరీ తిప్పుతాడు?

ఊరుకుంటే ఊరుకోవచ్చు. కానీ ఎవరో ముక్కూ మొహం తెలియని పిల్లాడి ఉద్యోగం నా జపం వల్ల పోవడమా? "బాబూ, ఆ కాగితం పంపకు," అన్నాను. మొత్తం చెప్పేశాను. బొట్టు, మూత, బాణం, నారాయణ, అన్నీ.

మురళి కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. లేచి వెళ్ళి ఫ్రిజ్ మీద ఆ మూడు చిల్లుల కాగితం ముందు నిలబడ్డాడు. అన్ని నెలలు నా పక్కన కూర్చుని ఒక్కో ముక్కా విడమరిచి చెప్పిన మనిషి. నా మాట విని ఒక్కటే తీసుకెళ్ళాడు. రెండోది ఉండుంటే? ఆ ఆలోచన నన్ను ఇప్పటికీ వదలడం లేదు.

అటే తిరిగి ఉండి అడిగాడు. "ఇంతకీ ఏమని మొక్కుకున్నారు అత్తయ్యా?"

"ఎవరికీ ఏ హానీ జరగకూడదని."

"ఎవరికీ అన్నారా?"

అన్నాను మరి. జింక తప్ప అని చేర్చాలని నాకు తోచలేదు. ఆయన భుజాలు కదిలాయి. నవ్వాడో ఏడ్చాడో నాకు తెలియదు, నేను అటు వెళ్ళి చూడలేదు.

రెండేళ్ళ తర్వాత మళ్ళీ వెళదామని డగ్ అంటున్నాడట. మొన్న తుపాకీ పెట్టె తెరిచి ఉంటే దూరం నుంచే చూశాను. స్కోపు మూత మీద తెల్ల కాగితం అంటించి ఉంది. మీద తెలుగు అక్షరాలు. నాకు చదవడం వచ్చాక, ప్రత్యేకంగా నా ఒక్కదాని కోసమని ఈ లోకంలో ఒకరు రాసిన మొదటి ఉత్తరం అది. కళ్ళజోడు పెట్టుకుని కూడబలుక్కుని చదివాను.

"అత్తయ్యా, ఇక్కడ మాత్రం దేవుణ్ణి తలుచుకోకండి."