బురుజు బాగుందని రాయమంటారా?

మనవరాలు ఫోనులో జర్మనీలోని ఒక చిన్న ఊరి కావలి గోపురం చూపించి, "మన దగ్గర ఇలాంటివి లేవు కదా నానమ్మా" అంది. లేకపోవడమేమిటి! ఒకటి చూసి, దాని చరిత్ర రాసి ఆ పిల్ల చేతిలో పెడదామని మొన్న పొద్దున ఏడింటికి నాగర్‌కర్నూల్‌లో బస్సు దిగాను. బిజినేపల్లి అవతలి ఊరికి రానూపోనూ ఆటో ఆరు వందలు. కావలి గోపురానికి పోనివ్వమంటే అరగంట తిప్పి గుడి ముందు ఆపాడు.

"ఇది గుడి కదయ్యా!"

"గోపురం అన్నవ్ గదా అవ్వా. బురుజు అంటే సక్కగ ఆడికే తీస్కపోదును."

నా చక్కటి తెలుగుకు ఇంకో వంద పడింది.

బురుజు రెండంతస్తుల ఎత్తు. గుండ్రటి రాతి గోడ, పైన తుపాకీ గొట్టం పట్టేటంత కంతలు. ఎదుటి అరుగు మీద ముగ్గురు పెద్దలుంటే చరిత్ర అడిగాను. దొర కట్టించాడని ఒకరు, కాదు ఊరే కట్టుకుందని ఇంకొకరు. వాళ్లిద్దరూ అరుచుకుంటుంటే మూడో ఆయన, "దోపిడిగాళ్లు కనవడితే పైనుంచి నగారా కొట్టేటోళ్లు. జనమంత గొడ్లను తోలుకొని ఊరి లోపలికి ఉరికేటోళ్లు" అన్నాడు. ఎప్పటి మాట అంటే ముగ్గురికీ తెల్వదు.

విసుగొచ్చి ఫోటో తీసుకుంటుంటే, బురుజును ఆనుకుని ఉన్న రేకుల ఇంట్లోంచి ఒకామె వచ్చింది. పేరు ఎల్లమ్మ, కూలి పని.

"గా పైన ఊగుతున్న రాళ్లు సూడు అవ్వా. మొన్న వానకు ఒకటి మా రేకుల మీద వడ్డది. పక్కనే నా బిడ్డ పండుకొని ఉండె."

"పంచాయతీలో చెప్పలేదా?"

"చెప్తే, పాతది, పట్నపోళ్లు సూడనీకి వస్తున్రు, ముట్టొద్దు అంటున్రు. వచ్చినోళ్లంత ఫోన్లల్ల మంచిగుందని రాస్తున్రు. నువ్వు గూడ గట్లనే రాస్తవా?"

అరుగు మీంచి ఒకాయన నవ్వాడు. "ఆమె రోజు గదే మొత్తుకుంటది, నువ్వు పో అవ్వా."

"ఆ రాయి నీ రేకుల మీద పడితే నవ్వుతావా?" అన్నాను. అప్పుడు ముగ్గురూ తలెత్తి పైకి చూశారు.

ఊరిని కాపాడటానికి కట్టిన బురుజును కూల్చమని నేననను. ఊగే వరుస దించి, సున్నంతో గట్టిగా కట్టించడానికి ఇంత చర్చ ఎందుకో నాకు అర్థం కాదు. పంచాయతీ కార్యదర్శికి ఫోటో చూపించి అదే చెప్పాను. చూస్తామన్నాడు. అందుకే బాగుందని నేను రాయడం లేదు. వెళ్లేవాళ్లు ఎల్లమ్మ కూలికి పోకముందే, తొమ్మిదిలోపు వెళ్లండి. ఆమెను అడిగి, ఆ వాకిట్లోంచి ఫోటో తీయండి. అందులో బిడ్డ పడుకునే చోటు, పైనున్న ఆ రాళ్లు రెండూ కనిపించాలి.