పట్టా కింద చెమట

మంగళగిరిలో ఒక ఆసుపత్రి మంచం మీద మా పెదనాన్న ఆక్సిజన్ మాస్కు పెట్టుకుని పడుకుని ఉన్నాడు. ఊపిరి వదిలినప్పుడల్లా మాస్కు లోపల తెల్లగా ఆవిరి పట్టి, చిన్న చిన్న బొట్లుగా కూడి, గడ్డం మీదికి జారుతోంది. చూడటానికి వచ్చినవాళ్లంతా అయ్యో అంటున్నారు. నాకు జాలి రావడం లేదు. అలాంటి బొట్లను నేను పన్నెండేళ్ల వయసులో మా మిరప కళ్లంలో చూశాను. అప్పటినుంచీ ఈ మనిషంటే నాకు ఒళ్లుమంట.

మాఘమాసం వచ్చిందంటే మా ఊరి గాలి పీల్చడానికే ధైర్యం కావాలి. కోసిన కాయ కళ్లం నిండా ఎర్రగా పరిచి ఉంటే, ఆ ఘాటుకు దారిన పోయే గేదెలు కూడా తుమ్మేవి. పిల్లలం కాయల వరసల మధ్య సందుల్లో తొక్కుడుబిళ్ల ఆడి, కారం అంటిన వేళ్లతో కళ్లు నులుముకుని ఏడ్చి, ఇంటికెళ్లి కొత్త మిరపకాయలతో నూరిన గోంగూర పచ్చడి వెన్నపూసతో కలుపుకుని తిని, మళ్లీ ముక్కు ఎగబీల్చుకుంటూ కళ్లంలోకే పరుగెత్తేవాళ్లం. సాయంత్రం ఎండ దిగి, కాయ చేతికి చల్లగా తగిలేదాకా ఆగి, అప్పుడు పోగు చేసి, మంచు పడకుండా ఈతచాపలు కప్పడం మా అమ్మ పద్ధతి.

ఆ ఏడు పెదనాన్న గుంటూరు నుంచి నీలం రంగు ప్లాస్టిక్ పట్టా తెచ్చాడు. ఊళ్లో అదే మొదటి పట్టా అని మీసం మెలేసి, ఎండ ఇంకా ఉండగానే సెగలు కక్కుతున్న కాయను పోగేయించి, గాలి చొరకుండా కప్పించి, అంచుల మీద రాళ్లు పెట్టించాడు.

"కాయ ఇంకా చల్లారలేదు బావగారూ" అంది అమ్మ.

"నువ్వా నాకు చెప్పేది?" అన్నాడు. నాన్న నేల చూపులు చూశాడు. అన్న ముందు తలెత్తడం ఆయనకు చేతకాదు. మర్నాడు మబ్బు పట్టడంతో, వానొస్తుందని మూడు రోజులు పట్టా విప్పనివ్వలేదు.

ఆ రోజుల్లోనే బడిలో సైన్సు మాస్టారు ఐసుముక్క వేసిన స్టీలు గ్లాసు బల్ల మీద పెట్టి, దానికి బయట పట్టిన చెమట చూపించి, గాలిలోని ఆవిరి చల్లటిదాన్ని తాకితే నీరవుతుందనీ, దాన్ని సాంద్రీకరణం అంటారనీ చెప్పారు. నాలుగో రోజు పొద్దున్నే వెళ్లి పట్టా అంచు ఎత్తి చూస్తే, లోపలివైపంతా అదే చెమట. కాయలోని తడే ఆవిరై, బయటి చలికి నీరై, మళ్లీ కాయ మీదే కారుతోంది. అందరికీ చెబుదామని లేవబోయి, నా పావడా మీద మరక చూసుకున్నాను. నాకు అదే మొదటిసారి. ముట్టయిన ఆడది కళ్లం తొక్కితే కాయ బూజు పడుతుందని మా ఊళ్లో గట్టి నమ్మకం. నేనేమో సరిగ్గా పోగు పక్కనే నిలబడి ఉన్నాను.

ఇంతలో అందరూ వచ్చారు. పట్టా లాగగానే బూజు వాసన గుప్పుమంది. కాయ ఎరుపు పోయి, అమ్మకానికి పనికిరాకుండా తెల్లగా తాలైపోయింది.

"ఏ ఆడది ముట్టుతో కళ్లం తొక్కిందో చెప్పండి!" అని పెదనాన్న అరిచిన అరుపు వీధి చివరిదాకా వినిపించింది.

అమ్మ నా వైపు చూసింది. పావడా చూసింది. కొంగు అడ్డం పెట్టి నన్ను వెనక్కి నెట్టి, "నేనే బావగారూ, తెలియక వచ్చాను" అంది. నేను నోరు విప్పలేదు.

పాడైన కాయంతా అమ్మ ఒక్కతే ఏరాలన్నాడు పెదనాన్న. నలుగురూ చూస్తే పరువు పోతుందని కాయను కొట్టుగదిలో పోయించి తలుపులు కూడా వేయించాడు. ఆ బూజు దుమ్ము, ఆ ఘాటు మింగుతూ అమ్మ నెల రోజులు ఏరింది. దగ్గు, ఆపైన జ్వరం. గుంటూరులో డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు ఎత్తి పట్టి, నల్లగా కనిపించాల్సిన ఊపిరితిత్తి తెల్లగా ఉందనీ, గాలి ఆడాల్సిన చోట నీరు చేరి గట్టిపడిందనీ చెప్పి, దానికి ఇంగ్లీషులో ఏదో పేరు పెట్టాడు. నాకు పట్టా కింద బొట్లే గుర్తొచ్చాయి. అమ్మ ఆ తర్వాత ఆరేళ్లు బతికింది, నాలుగడుగులకొకసారి ఆగుతూ.

బీఈడీలో మనస్తత్వశాస్త్రం చెప్పిన మేడమ్, కలలో మనసు నలుగురు మనుషుల్ని ఒక్కరిగా కుదిస్తుందనీ, దానికీ సాంద్రీకరణమనే పేరుందనీ అన్నప్పుడు, పట్టా కింది చెమట పేరే మళ్లీ చెవిన పడి నాకు ఒళ్లు మండింది. అలాంటి కల ఒకటి నాకు అప్పటికే ఏళ్లుగా వస్తోంది. అందులో వచ్చే మనిషికి పెదనాన్న మీసం, డాక్టరు తెల్లకోటు, చేతిలో మాస్టారి గ్లాసు ఉంటాయి. నోరు మాత్రం నాది. అది ఎప్పుడూ మూసుకునే ఉంటుంది.

ఇప్పుడు ఆ కళ్లం లేదు, ప్లాట్లు వేసి రంగు రాళ్లు పాతారు. ఈతచాపలు అల్లేవాళ్లూ లేరు, కొట్టుగదీ లేదు. పెదనాన్న ఒక్కడే మిగిలాడు. నన్ను గుర్తుపట్టి, మాస్కు పక్కకు లాగి, "మీ అమ్మ మంచిదేనమ్మాయ్. ఆ ఒక్క తప్పే చేసింది" అన్నాడు.

"ఆ రోజు ముట్టులో ఉంది అమ్మ కాదు, నేను" అన్నాను. "కాయ పాడైంది మా ఇద్దరి వల్లా కాదు పెదనాన్నా. వేడి కాయ మీద నువ్వు కప్పించిన పట్టా వల్ల."

ఆయన నన్నే చూశాడు. "ఇప్పుడెందుకే అవన్నీ" అని మాస్కు మళ్లీ పెట్టుకున్నాడు. లోపల ఆవిరి పట్టి ఆయన నోరు కనిపించకుండా పోయింది.

చెప్పేస్తే గుండె బరువు దిగుతుందనుకున్నాను. దిగలేదు. ఆ మాట నేను చెప్పాల్సింది ఈ మంచం దగ్గర కాదు. పన్నెండేళ్లప్పుడు, అమ్మ కొంగు వెనక నుంచి ముందుకొచ్చి చెప్పాల్సింది.