సారమ్మత్త నిలబెట్టిన సీటు

ఇప్పటికీ తమిళనాడులోని మా కోవిల్‌పట్టిలో సాయంత్రం అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ వ్యాను తలుపు తెరుచుకుంటే, దిగే ఆడవాళ్ల చీరల నుంచి మైనం, అగ్గిమందు కలిసిన వాసన గుప్పుమంటుంది. ముక్కు మూసుకునేవాళ్లు మూసుకోనీ. నాకు మాత్రం ఆ వాసనతో సారమ్మత్త గుర్తొస్తుంది. రక్తసంబంధం ఏమీ లేదు, మా చర్చిలో ఆడవాళ్లందరికీ ఆమె అత్తే. పొట్టి మనిషి, గట్టి గొంతు, ఇంట్లో కూర్చుని జిగురుతో ఖాళీ అగ్గిపెట్టెలు అంటించేది. సాయం చేయడమంటే ఏమిటో నాకు నేర్పింది ఆమే.

తొంభైల నాటి మాట. లోడు దించుతూ మా ఆయన లారీ మీద నుంచి పడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. విరుదునగర్ ఆస్పత్రిలో చేర్చాం. నెల రోజులు కదలకూడదన్నారు. పక్కన ఉండడానికి నేను తప్ప ఎవరూ లేరు. నేనేమో అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో మందులో ముంచే చట్రాల్లో పుల్లలు పేర్చేదాన్ని. ఇక ఇల్లు నడవాలంటే ఆ పనే దిక్కు. మూడు రోజులు రాకపోతే నా సీటు ఇంకొకరికి ఇచ్చేస్తానని మేస్త్రీ కబురు పంపాడు. చర్చివాళ్లు వచ్చారు, రాలేదనను. బ్రెడ్డు తెచ్చారు, కన్నీళ్లతో ప్రార్థన చేశారు, "ఏమన్నా కావాలంటే చెప్పు కమలా" అని బస్సెక్కారు. ఏం చెప్పాలి? వచ్చి నా సీట్లో కూర్చోండి అని నోరు తెరిచి అడగగలనా?

రెండో రోజు పొద్దున రైల్లో సారమ్మత్త వచ్చింది. మా ఆయన కాలు ఒకసారి చూసి నా వైపు తిరిగింది.

"నీ సీటు ఏమాయెనే?"

అప్పటిదాకా ఆ మాట ఎవరూ అడగలేదు. "రేపటితో పోతుందత్తా" అన్నాను.

"అదే దా నీ నొప్పి. ఆయన కాలు డాక్టరు చూసుకొంటాడు. నువ్వు ఈడే ఉండు, నేను పోతుండా."

ప్రార్థన చేసిందా అంటే చేసింది, నిలబడే, రెండు ముక్కల్లో. తిరుగు రైలు అందుకోవాలి కదా.

ఆ సాయంత్రమే మేస్త్రీ ముందు నిలబడి, "నీకు కమల మొగం కావాల్నా, నిండిన చట్రం కావాల్నా?" అని అడిగిందట. "చట్రమే దా" అన్నాడట పాపం. అంతే, చర్చిలో ఇంటిపట్టున పెట్టెలు అంటించే ఆడవాళ్లను పోగేసి, నా సీట్లో కూర్చోను తలా ఒక రోజు పంచేసింది. వీలవుతుందా అని ఎవరినీ అడగలేదు. "ఇబుడు చెప్తుండా, బుధవారం నీది" అంటే నీదే. వచ్చిన కూలి నాకే పంపేవారు.

ఒక మంగళవారం మనిషి దొరక్కపోతే మా చర్చి పాస్టరు అయ్యగారి భార్యనే వ్యానెక్కించింది. ఆమె బడి టీచరు, అగ్గిపుల్ల గీయడం తప్ప ఏమీ ఎరగదు. పుల్లలన్నీ వంకరటింకర. మేస్త్రీ మూడుసార్లు విప్పించాడు. "ప్రార్థన బాగా చేస్తావమ్మా, పుల్లే దా నేరుగా నిలవలే" అని పక్కవాళ్లు నవ్వారట. ఆమె లేవలేదు. ఆఖరి వ్యాను దాకా కూర్చుని నింపి వచ్చింది. ఆదివారం చర్చిలో వేళ్ల మీది బొబ్బలు చూపించి, "కమల దినమూ ఇంత కష్టపడతాదని నాకు తెలీదు" అందట. ఆ సంగతి విన్నప్పుడు ఆస్పత్రి వరండాలో కూర్చుని కరువుతీరా ఏడ్చాను. అది సంతోషపు ఏడుపే.

నెల దాటాక పనికి వెళితే మేస్త్రీ నా సీటు చూపించి, "కూర్చో. ఒక్క దినం కూడా ఖాళీ లే. నాకు ఇట్లాంటి చుట్టాలు లేకపోయిరే" అన్నాడు. గెలిచాం! ఆ రోజు నా అంత గర్వం ఆ ఫ్యాక్టరీ యజమానికి కూడా ఉండి ఉండదు. మా ఆయన కర్ర పట్టుకుని చర్చికి నడిచి వచ్చిన ఆదివారం, సారమ్మత్త కాళ్ల మీద పడబోయాను.

"లేయే. వచ్చే వారం రెబెకాకు కాన్పు. గురువారం నీది" అంది.

ఆ గురువారం మొదలు ఎందరి సీట్లలో కూర్చున్నానో నాకే గుర్తులేదు. సారమ్మత్త ప్రభువు దగ్గరికి వెళ్లి ఐదారేళ్లయింది. పోయిన నెల ఫ్యాక్టరీలో పనిచేసే మా చర్చి పిల్ల గ్రేసును విరుదునగర్ ఆస్పత్రిలో చేర్చారని అయ్యగారు ప్రార్థన చేయించారు. ఆమెన్ చెప్పి చెప్పులేసుకుంటుంటే, గుమ్మం దగ్గర "సోమవారం నాది", "నాది బుధవారం" అని గోల. అందరూ సారమ్మత్త మొహం కూడా చూడని కొత్త కోడళ్లు. నేను వాళ్లను చేరేసరికి శనివారం ఒక్కటే మిగిలింది. అది కూడా పోట్లాడి తీసుకున్నాను.