జొన్న చొప్పను మాడబెట్టిన రోజులు

రిటైర్ కావడానికి నాలుగేళ్ల ముందు, కర్నూలు ఊరి బయట పెట్టిన ఒక ప్రయోగాత్మక ఇంధన కేంద్రానికి నన్ను ప్రధాన శాస్త్రవేత్తగా వేశారు. జొన్న చొప్ప నుంచి ఇథనాల్ తీయడం అక్కడి పని. చొప్పను పలుచని ఆమ్లం కలిపి ఆవిరితో ఉడికించి, ఎంజైములు వేస్తే చక్కెరలు రసంలోకి దిగుతాయి. వాటిలో ముఖ్యమైనవి రెండు రకాలు. మామూలు ఈస్ట్ ఒకదాన్నే తింటుంది. రెండోదాన్నీ ఇథనాల్‌గా మార్చేలా జన్యువులు చేర్చి కొత్త ఈస్ట్‌ను తయారు చేసింది నా కింద పనిచేసే రేవతి. ఏళ్ల తరబడి పడ్డ కష్టం అది.

ప్రయోగశాలలో చక్కగా పెరిగిన ఆ ఈస్ట్, కేంద్రంలోని పెద్ద ట్యాంకులో మాత్రం రెండో రోజుకే చచ్చిపోయేది. మూడుసార్లు అంతే జరిగింది. చేర్చిన జన్యువులే దాన్ని బలహీనపరిచాయని నమ్మి, ఆ రకాన్ని వదిలేయాలని పైవాళ్లకు రిపోర్టు రాశాను.

పంపేముందు రేవతికి చూపిస్తే, "ఇంకొక్కసారి చూద్దాం సార్" అంది. నేను ఒప్పుకోలేదు, పంపేశాను.

తర్వాతి వారం, మిగిలిన చొప్పను పారేయడం ఎందుకని ఉడికిస్తుండగా బాయిలర్ ఆపరేటర్ చంద్రాయుడు వచ్చాడు. కడప పక్క మనిషి. ఎప్పుడూ ఎక్కువగా మాట్లాడడు.

"పాకం మాడిన వాసన వస్తాండాది సార్. మా ఇంట్లో బెల్లం వండేటోళ్లు. ఇట్టా వాసనొస్తే మంట తీసేస్తాం."

ఎప్పటినుంచి వస్తోందని అడిగాను.

"మొదట్నుంచీ ఉండాది. మీరు శానా చదివినోళ్లు, ఇది ఇట్టనే ఉండాలేమో అనుకుంటి."

చక్కెర మాడితే ఈస్ట్‌ను చంపే పదార్థాలు పుడతాయని విద్యార్థులకు పాఠం చెప్పినవాణ్ని నేను. వెంటనే చొప్ప ఉడికే పాత్ర అడుగున వేడి కొలిపించాను. పైన మీటరు చూపేదానికంటే చాలా ఎక్కువగా ఉంది.

ఆవిరి తగ్గించి మళ్లీ ఉడికించాం. రేవతి తన ఈస్ట్ వేసింది. మూడో రోజు పొద్దున ట్యాంకు నిండా నురగ. ఆమె ట్యాంకుకున్న అద్దంలోంచి తొంగి చూసింది.

"బతికినట్టుండాది గదమ్మా" అన్నాడు చంద్రాయుడు.

ఆ మధ్యాహ్నమే మొదటి రిపోర్టు తప్పని, ఆ తప్పు నాదని నా సంతకంతో రాసి పంపాను. రేవతితో కూడా ఆ మాటే చెప్పాను. ఆ కేంద్రంలో గడిపిన తర్వాతి రెండేళ్లే నా ఉద్యోగంలో నాకు బాగా ఇష్టమైనవి.

జీవి పనిచేయకపోతే, దాని జన్యువులను అనుమానించే ముందు దానికేం తినిపించామో చూడాలి. ఆ తిండి వండిన మనిషిని ముందుగా అడగాలి.